లప్పం పూసిన సత్రం

నిన్న మనవరాలి పుట్టిన తేదీ సర్టిఫికెట్ కోసం మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే, వరండా గోడకి కొత్తగా అంటించిన కాగితం ఒకటి కనబడింది. గోడ మీద ఏ కాగితం ఉన్నా చివరిదాకా చదవనిదే కదలను నేను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాళ్ళకి ఈ ఆబ ఒకటి ఉంటుంది; మందు సీసా మీది చీటీని కూడా వదలం. ఊళ్ళో కాపాడవలసిన పాత కట్టడాల తుది జాబితా అది. మొట్టమొదటి పేరు, కాలవల ఇంజనీరు దొర ఉండి వెళ్ళిన బంగళా. కింద ఇంకో పట్టీ, అక్కర్లేదని తేల్చినవి. అందులో మా కాలవగట్టు సత్రం. పక్కనే కారణం: 'పురాతన లక్షణములు కనబడలేదు.' రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థమైంది, రెండోసారి ఒళ్ళు మండింది.

ఆ సత్రం ధాన్యం పడవలు తిరిగిన రోజుల్లో కట్టింది. పిల్లలు లేని ఒకావిడ తన పొలం అమ్మి, పడవ దిగినవాళ్ళు తల దాచుకోవడానికి కట్టించిందని మా అత్తగారు చెప్పేది. గోడలు మూరెడు మందం. ఎండాకాలంలో మేం పనిచేసే రైసుమిల్లు కళ్ళంలో ఉడుకు ధాన్యం కాళ్ళతో తిరగేసి, అరికాళ్ళు బొబ్బలెక్కి వచ్చి ఆ గచ్చు మీద నిలబడితే, నీళ్ళలో నిలబడ్డట్టుండేది. పడవలు పోయాక ఎవరూ దానికి తాళం వెయ్యలేదు. మేం పురుళ్ళ సారెలు అక్కడే సర్దుకున్నాం, వానల్లో ఒడియాలు అక్కడే ఆరబెట్టుకున్నాం. మా తోడికోడలు పెళ్ళిచూపులు కూడా అక్కడే జరిగాయి. పెళ్ళికొడుకుని సరిగ్గా చూడకుండా స్తంభాలు లెక్కపెడుతూ కూర్చున్నానని ఇప్పటికీ చెబుతుంది, మా మరిది వినేలా.

లూథరన్ చర్చి బడిలో పనిచేసి రిటైరైన టీచరమ్మగారు మాకు చదువు చెప్పింది అక్కడే. మధ్యాహ్నం మిల్లు నుంచి వచ్చి అన్నం తిన్నాక, పదిమంది ఆడవాళ్ళం. పలకలు అక్కర్లేకపోయింది. గచ్చు ఎంత నునుపంటే, సుద్దముక్కతో రాస్తే అక్షరం నిలబడేది, తడిగుడ్డ వేస్తే పోయేది. 'అ' దగ్గర నాకు చెయ్యి తిరగక నెల పట్టింది. "చేత్తో కాదమ్మా, భుజంతో రాస్తున్నావు. గడ్డపార అనుకున్నావా అది?" అనేది ఆవిడ. ఒకరోజు వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి తలెత్తి చూశాను. పైన రాతిపలక ఉండేది. ముప్పై ఏళ్ళుగా దాని కిందనుంచే తిరిగాను. అక్కడ రాత ఉందని తెలుసుగానీ, అదేంటో తెలీదు. కూడబలుక్కుని చదివాను. 'ఏ కులము వారైనను ఈ సత్రమందు విశ్రమింపవచ్చును.' నా బతుకులో నేను చదివిన మొదటి వాక్యం అది. ఎవరో ముందే చెక్కించి పెట్టి నా కోసం కనిపెట్టుకుని ఉన్నట్టనిపించి, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

ఇప్పుడు మేం చేసిన ఘనకార్యం చెప్పాలి. ఏ కట్టడాలు కాపాడాలో తేల్చడానికి పెద్దవాళ్ళ కమిటీ వస్తోందని పోయిన వేసవిలో కబురొచ్చింది. జాబితాలో లేనివి కొట్టేసి షాపులు కడతారని కూడా. పెద్దవాళ్ళు వస్తున్నారంటే మాకు తెలిసిన మర్యాద ఒక్కటే. ఇల్లు కడిగి, సున్నం కొట్టి, ముగ్గెయ్యడం. అందరం తలా ఒక చెయ్యి వేశాం. మామూలు సున్నం నామర్దాగా ఉంటుందని, మా తోడికోడలు మండపేట నుంచి ఎనామిల్ పెయింటు తెప్పించింది, చిలకపచ్చ. గోడల్లో బొరియలన్నీ సిమెంటుతో పూడ్చాం. పెయింటు మేస్త్రి నిచ్చెన మీదనుంచి, "ఈ రాయి మీద గుంటలున్నాయండి, పెయింటు సరిగ్గా రాదు, లప్పం పెట్టేస్తా" అన్నాడు. ఆ గుంటలు అక్షరాలు. నేను కిందే ఉన్నాను, లప్పం డబ్బా పట్టుకుని. "కానివ్వు, నున్నగా రావాలి" అన్నాను. పెద్దవాళ్ళకి కొత్తగా కనబడాలన్న ధ్యాసలో నేనే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కమిటీ వచ్చింది. మేం కొబ్బరిబోండాలు కొట్టించి, పూతరేకులు పళ్ళెంలో పెట్టి నిలబడ్డాం. కళ్ళజోడాయన ఒక పూతరేకు తిని, గోడ మీద వేలితో కొట్టి చూసి, "ఇది ఈమధ్య కట్టిందేనా అమ్మా?" అన్నాడు. మా తోడికోడలు మురిసిపోయి, "కొత్తదాన్లా ఉంది కదండీ!" అంది. నేను లప్పం కిందున్న రాతిపలక సంగతి చెప్పబోతే, "కనబడినదే రాసుకుంటామమ్మా" అని కారెక్కేశాడు.

ఆ వారమంతా అట్లకాడలతో గీకాం. లప్పం ఊడి, అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఫోటోలు తీయించి, అర్జీ నా చేత్తో నేనే రాసిచ్చాను. నిన్న జాబితా చదివాక తిన్నగా గుమస్తా బల్ల దగ్గరికి వెళ్ళి నా అర్జీ ఏమైందని అడిగాను.

"ఫైల్లో భద్రంగా ఉందండి మామ్మగారూ."

"భద్రంగా ఉండాల్సింది అర్జీయా, సత్రమా? ఆ కమిటీని మళ్ళీ వచ్చి చూడమనండి."

"కమిటీ లేదండి ఇప్పుడు. రిపోర్టు ఇచ్చేశాక రద్దయిపోయింది."

"మరి ఆ దొర బంగళా? పైకప్పు కూలి, గబ్బిలాలు కాపురముంటున్నాయి. దానిలో ఏం చూశారంట?"

"తాళం దొరకలేదండి. బయటినుంచే చూశారు." గొంతు తగ్గించి, "కానీ చూడ్డానికి బాగా పాతగా ఉందని రాశారు" అన్నాడు. తనకే నవ్వొచ్చి తల వంచుకున్నాడు. నాకు రాలేదు. తుడిచి పెట్టుకున్నందుకా మాకీ శిక్ష? పాడుపెట్టినవాళ్ళకి బోర్డూ, కంచే, కాపలావాడూ, బాగుచేసుకున్నవాళ్ళకి బుల్డోజరా? బల్ల మీద చెయ్యి వేసి గట్టిగానే అడిగాను. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. సోమవారం మిషను వస్తుందని మాత్రం గుమస్తా చెప్పాడు.

సోమవారం పొద్దున్నే టీచరమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్తాం. మేం పదిమందిమీ లోపల కూర్చుంటాం. కొట్టదలుచుకుంటే మమ్మల్ని లేపాక కొట్టుకోమని మా తోడికోడలు అప్పుడే వీధంతా చాటింది. లేపుతారేమో, నాకేమీ భ్రమలు లేవు. ఒక్కటి మాత్రం ఈ వయసులో తెలిసొచ్చింది. తాళం వేసి వదిలేసిన ఇంట్లో కాలం గోడలకి పట్టి అందరికీ కనబడుతుంది. మనుషులు తిరిగే ఇంట్లో అదంతా మా మోకాళ్ళలోకీ, మా నెరిసిన జుట్టులోకీ వచ్చి చేరిపోయింది, అక్కడ వెతకాలని ఏ కమిటీకీ తోచలేదు.