పళ్ళెం వెనక నంబరు

మౌలాలీతో నాకు రోజూ పోట్లాటే. నరసరావుపేటలో మా స్టీలు సామాన్ల కొట్టు ముందు చిన్న కరెంటు మిషన్ పెట్టుకుని గిన్నెల మీద పేర్లు చెక్కుతాడు. పద్దెనిమిదేళ్లుగా అదే స్టూలు, అదే వాగుడు. పెళ్లి బిందె మీద వరుడి పేరు తప్పు చెక్కి, పెళ్లికూతుర్నే నవ్వించి పంపిన ఘనుడు.

పిల్లల పళ్ళెం చేతికొచ్చిందంటే చాలు, పైన పేరు చెక్కి, అడక్కుండానే వెనక 1098 అని కూడా చెక్కేస్తాడు. పిల్లల్ని ఎవరైనా హింసిస్తే ఫోన్ చేయాల్సిన నంబరది.

"ఒరేయ్, కొత్త సామాను మీద ఈ గీతలేందిరా?" అని అరిచేదాన్ని.

"అన్నం తినేది ముందువైపేగా అక్కా" అనేవాడు. ఒళ్లు మండిపోయేది.

జూన్‌లో నూజెండ్ల రైతు సాంబశివరావు, కూతురు హరితను ఏడో తరగతికి హాస్టల్లో చేర్చబోతూ పళ్ళెం కొన్నాడు. నంబరు చూసి కస్సుమన్నాడు.

"దెబ్బకి భయపడకపోతే చదువెట్టా వస్తదయ్యా?"

మౌలాలీ ఆయన్ని పట్టించుకోకుండా పిల్లతో చెప్పాడు. "ఎవరన్నా కొట్టినా, ఒంటి మీద చెయ్యేసినా దీనికి ఫోన్ చెయ్యమ్మా. డబ్బులు పడవు."

రెండు నెలలకు అదే సాంబశివరావు హరితను వెంటబెట్టుకుని విసవిసా కొట్లోకి వచ్చాడు. అయిపోయాంరా దేవుడా అనుకుని, మౌలాలీ వైపు ఉరిమి చూశాను.

ఆయన పోట్లాటకు రాలేదు. నిలబడే ఏడ్చేశాడు. వార్డెన్ పైపుతో చేతుల మీద కొడుతున్నాడని పిల్ల రెండుసార్లు ఫోన్లో చెప్పిందట.

"నువ్వేం తప్పు చేశావో ముందు చెప్పు అన్నానమ్మా! కన్నతండ్రిని!"

మూడోసారి హరిత తండ్రికి చేయలేదు. పళ్ళెం తిరగేసి, వంటావిడ ఫోన్ అడిగి, ఆ నంబరుకు చేసింది. మర్నాడే అధికారులు వచ్చారు, వార్డెన్ మీద కేసు పెట్టించారు. ఇప్పుడు వేళ్ల వాపు తగ్గింది, ఇంటి నుంచే బడికి వెళ్తోంది. ఆ పిల్లను దగ్గరకు లాక్కుని బుగ్గలు ఎర్రబడేదాకా ముద్దులు పెట్టేశాను. "చాల్లే పెద్దమ్మా!" అని కిలకిలా నవ్వింది. నా సంతోషం అంతా ఇంతా కాదు.

తర్వాత హరిత మౌలాలీ పక్కన కూర్చుని, హాస్టల్‌కొచ్చిన ఆఫీసర్ మేడం చెప్పిందంతా అప్పజెప్పింది.

"ఇంచుమించు అన్ని దేశాలూ కలిసి పిల్లల హక్కుల కోసం ఒప్పందం రాసుకున్నాయంట బాబాయ్. కన్నోళ్లైనా, మేస్టర్లైనా పిల్లల్ని హింసించకుండా సర్కారే కాపాడాలంట. మన దేశం తొంభై రెండులోనే ఒప్పుకుందంట."

మౌలాలీ మిషన్ ఆపాడు. "తొంభై రెండా? ఆ ఏడే మా నాయన నన్ను మాచర్లలో లారీల మెకానిక్ షెడ్డులో పనికి పెట్టాడు. తొమ్మిదేళ్లు నాకు. సేటు ఫ్యాన్‌బెల్టుతో కొట్టేవాడు."

ఇన్నేళ్లలో ఈ మాట నాతో ఒక్కసారైనా అనలేదు. ఎంతెంత తిట్టానో, నా నోరు పడిపోను!

"ఎవరికి చెప్పావు బాబాయ్?"

"ఎవరికీ లేదమ్మా."

హరిత నా ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడు చెయ్యి."

"ఇప్పుడా? నలభై రెండేళ్లు నాకు!" పగలబడి నవ్వాడు.

"అయితే ఏంది? కొట్టినప్పుడు పిల్లోడివేగా."

మౌలాలీ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "నీకే చెప్తాలే, విను" అన్నాడు. సాంబశివరావు కూడా వచ్చి, కూతురి పక్కన కింద కూర్చున్నాడు.