విప్పి పెట్టిన యూనిఫాం

నలిగిన బట్ట కనబడితే చాలు, మా వదినకు ఒళ్ళు మండిపోతుంది. ఎదురుగా మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడ్డా, ముందు అతని కాలర్ సరిచేసి తర్వాత సంగతేమిటని అడిగే రకం. వీధి మలుపులో ఆమె ఇస్త్రీ బండి. దాన్ని ఆనుకునే నా కుట్టు మిషను. మా అన్న పోయాక ఇద్దరం ఒకే రేకుల కప్పు కిందికి చేరాం. మేం పోట్లాడుకోని రోజు లేదు. పోట్లాటంటే, నేను గొంతు చించుకుంటాను, ఆవిడ నోరు మెదపకుండా తనకు తోచిందే చేస్తుంది.

అలా తోచిన వాటిల్లో ఒకటి, రోడ్డు మీద పిల్లల్ని బడికి పంపడం.

కూడలిలో కార్ల అద్దాలు తుడిచే పిల్లలు చలికి వణుకుతూ మా బండి దగ్గరికి వచ్చేవారు. ఇస్త్రీ పెట్టెలో నిప్పుల సెగ వాళ్ళకు హాయి. వదిన ఊరికే కాచుకోనివ్వదుగా. బట్టలు చుట్టే పాత పేపర్లు ముందేసి, పెద్దక్షరాలు చదివించేది. ఆవిడకొచ్చిన చదువూ అంతంతమాత్రమే. తనకొచ్చిందంతా నేర్పడం అయిపోయాక, పిల్లల్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళి చేర్పించింది. మొదటి రోజే బట్టలు కంపు కొడుతున్నాయని వాళ్ళను వరండాలో కూర్చోబెట్టారు. వదిన ఎవరితోనూ గొడవ పడలేదు. తను ఇస్త్రీ చేసే ఇళ్ళన్నీ తిరిగి, అక్కడి పిల్లలకు పొట్టైపోయిన యూనిఫాంలు అడిగి తెచ్చి నా మిషను మీద కుప్ప పోసింది.

"పేరు నీకు, చాకిరీ నాకూనా వదినా?" అన్నాను.

"దారం నేను కొంటాలే, కుట్టు" అంది.

పేవ్‌మెంట్ మీద పడుకునే పిల్లల ఒంటి మీద తెల్లబట్ట ఒక్క రాత్రి కూడా నిలవదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టింది. పొద్దున్నే వచ్చి కుళాయి కింద స్నానం చేసి, ఇస్త్రీ యూనిఫాం తొడుక్కుని బడికి వెళ్ళాలి. సాయంత్రం బడి నుంచి రాగానే పరదా చాటున విప్పి వదినకిచ్చి, తమ పాతబట్టల్లో కూడలికి పోవాలి. ఎవరు బతిమాలినా ఆవిడ వినేది కాదు.

వాళ్ళలో చిటికె అనే పిల్ల ఒకతి. ఏ పని చెప్పినా చిటికెలో చేసేస్తుందని ఆ పేరు నేనే పెట్టాను. వాళ్ళమ్మ కూడలిలో కారు తుడిచే గుడ్డలు అమ్ముతుంది. చంకలో ఇంకో చంటిది. చిటికె ఏడో తరగతికి వచ్చింది. అది పేపరు గడగడా చదువుతుంటే వదిన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ వినేది. "ఇది టీచరమ్మ అవుతుంది చూడు" అని నాతో ఎన్నిసార్లందో. కన్నకూతురున్నా అంత మురిసిపోయేది కాదేమో.

ఒక సాయంత్రం చిటికె యూనిఫాం విప్పకుండా నిలబడింది. మర్నాడు పెద్దసార్లు వస్తారట, వాళ్ళ ముందు పాఠం చదవడానికి దీన్నే ఎంచారట.

"ఇవాళ ఒక్కరోజు దీంతోనే వెళ్తా అత్తా. మా అమ్మ నన్ను ఈ బట్టల్లో ఎప్పుడూ చూళ్ళేదు."

"రేపు నలుగురిలో నిలబడాలి నువ్వు. నలిగిన గౌనుతో నిలబడతావా? విప్పు."

"చూపించి వెంటనే తెచ్చిస్తా."

"విప్పమన్నానా."

"పోనీ వదినా, ఒక పూట నలిగితే కొంప మునగదులే" అన్నాను నేను. ఆవిడ చెవిన వేసుకోలేదు. పిల్ల పరదా చాటుకు వెళ్ళి, చిరుగుల గౌనుతో తల దించుకుని బయటికొచ్చింది.

ఆ సాయంత్రమే కూడలికి సర్కారు వ్యాను వచ్చింది. అడుక్కునే పిల్లలంటూ దొరికినవాళ్ళను దొరికినట్టు ఎక్కించారు. బడికెళ్ళే పిల్లనని చిటికె మొత్తుకుందట. దాని గౌను చూసి వాళ్ళు నవ్వారట. పొద్దున్నే వాళ్ళమ్మ చంటిదాన్నెత్తుకుని పరిగెత్తుకొచ్చి, ఏడుపు మధ్యలో ఈ మాటలు చెప్పింది.

వదిన ఇస్త్రీ చేసిన ఆ యూనిఫాం చేతిలో పట్టుకుని, ఆ తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసులన్నీ కాళ్ళరిగేలా తిరిగింది. కిటికీ వెనకున్న సారు తాపీగా ఒకే మాట అడిగాడట: "బడికెళ్ళే పిల్లయితే ఆ బట్టల్లో ఎందుకుందమ్మా?" చివరికి బడి టీచరుతో చెప్పించేసరికి, పిల్లల్ని వేరే ఊళ్ళో ప్రభుత్వ హోముకు పంపేశారన్నారు. అక్కడికి వెళ్తే, తల్లివేనని రుజువేదన్నారు. పేవ్‌మెంట్ మీద కన్నబిడ్డకు రుజువెక్కణ్ణుంచి వస్తుంది?

ఆ తర్వాత వదిన వదినలా లేదు. ఎన్నడూ లేనిది ఒకరి చొక్కా మాడ్చింది. కట్టుబాటు తనే ఎత్తేసింది. పిల్లలు యూనిఫాంతోనే పడుకుని, పొద్దున్నే నలిగి మాసి వచ్చేవారు. వాళ్ళు ఆవిడ పాత చీరలు చుట్టుకుని నిలబడితే, అప్పటికప్పుడు ఉతికి, తడి మీదే ఇస్త్రీ చేసి తొడిగేది. నేనూ నోరెత్తడం మానేశాను.

హోమువాళ్ళు వదిలి చిటికె తిరిగొచ్చేటప్పటికి నాలుగేళ్ళు దాటాయి. మనిషి పొడుగైంది, జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. వదిన గబగబా కొక్కేనికున్న దాని పాత యూనిఫాం తీసి తొడగబోయింది. చొక్కా చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి.

"కుట్లు విప్పి వదులు చేస్తానే" అన్నాను.

"వద్దు పిన్నీ. నేను బడికెళ్ళను. అక్కడ ఏడో తరగతన్నా వినకుండా ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. తర్వాత వంటింట్లో వేశారు. ఇప్పుడు హోటల్లో గిన్నెలు కడిగే పని కుదిరింది. అమ్మకు చూపు ఆనడం లేదు, నేను చేయకపోతే గడవదు."

వెనక దాక్కున్న చెల్లెల్ని ముందుకు తోసింది. "దీన్ని పంపు అత్తా. సాయంత్రం మాత్రం విప్పించకు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వదిన అక్కడే కూలబడి, చిటికె చేతులు పట్టుకుని బావురుమంది.

ఆ చొక్కా, గౌను చిన్నదాని కొలతకు నేనే తగ్గించి కుట్టాను. బడికి వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం, వదిన దాన్ని ఆ బట్టల్లోనే కూడలికి తీసుకెళ్ళింది. నేనూ వెంట నడిచాను. వాళ్ళమ్మ పిల్లను దగ్గరికి లాక్కుని, కాలర్ నుంచి గౌను అంచు దాకా చేత్తో తడిమింది.

"ఏ రంగు?" అని అడిగింది.

"తెల్ల చొక్కా, నీలం గౌను" అంది వదిన. "మీ పెద్దదాని బట్టలే."