వేరే ఇంటిపేరు మేనత్త

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను ఖమ్మంలో సర్జన్‌గా వేశారు. అదే నా చివరి పోస్టింగు. ఏన్కూరు దగ్గరి పల్లె నుంచి స్వరూప అనే ఆమె రొమ్ములో గడ్డతో వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. గడ్డ నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీలో క్యాన్సరని తేలింది. అంత చిన్న వయసులో వస్తే వంశంలో ఇంకెవరికైనా ఉందా అని అడగడం మా పద్ధతి. మా ఇంట్ల ఎవ్వరికీ లేదంది.

నాకు తిక్కరేగింది మాత్రం మరోదానికి. నాలుగేళ్ల కూతురు నా గది గుమ్మం దాటి రాబోతే కసిరి వెనక్కి పంపుతోంది. ఎందుకని గట్టిగానే అడిగాను.

"అంటుకుంటది మేడం. మా మేనత్తకు గిదే వచ్చింది. నేనే దగ్గరుండి చేసిన. ఆమె నుంచే నాకంటింది," అంది.

మరి ఇంట్లో ఎవరికీ లేదన్నావేమంటే, అత్త పెళ్లయి చండ్రుగొండ పోయింది, ఆమెది వేరే ఇంటిపేరు, మా ఇంటి మనిషెట్లయితదని నన్నే ఎదురడిగింది. ఇంటిపేరుతో పాటు రక్తమూ మారుతుందనుకుంటోంది!

రక్తపరీక్ష చేయించాం. కణాల్లో దెబ్బతిన్న చోట్లను బాగుచేసే జన్యువులో లోపం కనిపించింది. మేనత్తకూ చేయిస్తే అదే లోపం. తండ్రికి ఏ జబ్బూ లేకపోయినా ఆయన నుంచే నీకు వచ్చిందని స్వరూపను కూర్చోబెట్టి చెప్పాను. వైరస్ వల్ల వస్తుందని ఫోన్లో విన్నానంది. ఇలాంటి లోపం ఉన్నవాళ్లలో కొన్ని మామూలు వైరస్‌లు క్యాన్సర్‌కు తోడవుతాయా అని పరిశోధన జరుగుతోంది, ఇంకా తేలలేదు. తేలినా, సేవ చేస్తేనో ఒళ్లో కూర్చోబెట్టుకుంటేనో రొమ్ము క్యాన్సర్ అంటుకోదని చెప్పాను.

"అయితే అత్తకు చేసినందుకు గాదన్నట్టు," అంది. గుమ్మం వైపు చూసి, "మరి నా బిడ్డకు?"

దాచలేదు. లోపం వచ్చే అవకాశం సగానికి సగం. పెద్దయ్యాక పరీక్ష చేయించొచ్చు, ముందే తెలిస్తే ముందునుంచే జాగ్రత్తపడొచ్చు అన్నాను. అవ్ అని తలూపి, గుమ్మం వైపు చెయ్యి చాపింది. పిల్ల పరుగున వచ్చి ఒళ్లోకెక్కింది.

ఆపరేషన్, కీమో అయ్యాయి. నేను రిటైరయ్యే నాటికి స్వరూప బాగానే ఉంది, చెకప్‌లకు మేనత్తను వెంటబెట్టుకునే వచ్చేది. స్వరూపను చూసినప్పటి నుంచి నేను 'మీ ఇంట్లో ఎవరికైనా' అని అడగడం మానేశాను. మేనత్తలెందరు, ఎట్లున్నారు అనే మొదట అడిగేదాన్ని.