ఆలూరు గుట్ట అని మేం పేరు పెట్టిన చోటు

2004 మే నెలాఖరులో నన్ను ఆరు నెలల డెప్యుటేషన్ మీద టాంజానియా పంపుతూ ఉత్తర్వులు వచ్చాయి. అప్పటికి నేను కర్నూలులో అసిస్టెంట్ హైడ్రోజియాలజిస్టును. ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చూసి చెప్పడం నా పని. ఆ హోదా పేరు పలకాలంటే పల్లెల్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు కాబట్టి ‘నీళ్ల సారు’ అనేవారు. అది నీళ్లు పడినప్పటి మాట. పడనప్పుడు ఏమనేవారో ఇక్కడ రాయను.

ఆ దేశపు నడిమి మెట్టలో ఒక చిన్న ఊరికి ఐదు బోర్లు వేసే పని మన దేశపు డ్రిల్లింగు కంపెనీకి ఒకదానికి దక్కింది. రిగ్గు వాళ్లది, డ్రిల్లరు వాళ్ల మనిషి. చోటు చూపించడానికి మాత్రం అనుభవం ఉన్న ప్రభుత్వ జియాలజిస్టు కావాలని ఒప్పందంలో రాసుకున్నారు. రాతి నేలలో ఇరవై రెండేళ్లు తిరిగినవాడినని నన్ను ఎంపిక చేశారు. నాకు గర్వంగానే ఉండింది. డోన్‌లో కిరాణా అంగడి ఇంట్లో పుట్టిన నేను విమానం ఎక్కుతున్నానని మా నాయన వచ్చిన ప్రతి బేరానికీ చెప్పాడు.

డ్రిల్లరు పేరు హుసేనప్ప. ఆలూరు దగ్గర పల్లె. పీర్ల పండగ నాడు పుట్టాడని ఆ పేరు పెట్టారట. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. ఇంగ్లీషు రాదు, చదువు ఐదో తరగతి. కానీ రిగ్గు చప్పుడు విని కింద ఏ రాయి తగులుతోందో చెప్పేవాడు. బోరు లోపల సుత్తి రాయిని కొడుతుంటే గాలి ఒత్తిడికి ఆ రాతిపొడి పైకి చిమ్ముతుంది. దాన్ని అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్ది చూసేవాడు. నా గ్రాఫులు రెండు రోజుల్లో చెప్పేది ఆయన బొటనవేలు రెండు నిమిషాల్లో చెప్పడం నాకు కొంచెం చిరాకుగా ఉండేది. అది నా గుణం, దాచుకోవడం ఎందుకు.

మేం చేరిన రోజు బస్సు దిగి నేను నడుం పట్టుకుని నిలబడగానే ఆ ఊరి ఆసుపత్రి నర్సు ఎదురొచ్చి ‘పోలే’ అంది. ఆమె పేరు మరియాము. నాలుగు గదుల ఆసుపత్రికి డాక్టరూ నర్సూ అన్నీ ఆమే. ఆ మాటకు అర్థం నెమ్మదిగా తెలిసింది. ఎదుటి మనిషి అలసిపోయి కనిపించినా, చేతిలో కుండ పగిలినా, ఇంట్లో మనిషి పోయినా అక్కడివాళ్లు అనేది ఆ ఒక్క మాటే. మన ‘అయ్యో పాపం’ లాంటిది. తప్పు తమది కాకపోయినా అంటారు. నాకేమైందని ఈమె అయ్యో అంటోంది అని ఆ రోజు విసుక్కున్నాను.

మొదటి నెల పనిలో పడి బాగానే గడిచింది. రెండో నెలలో మొదలైంది. ఇల్లు గుర్తొస్తుందని తెలుసు గానీ, అది ఇలా వస్తుందని తెలియదు. భార్యాపిల్లలు గుర్తొస్తే ఒక తీరు. నాకు పత్తికొండ మార్కెట్లో టమేటా గంపలు దించేటప్పటి అరుపులు గుర్తొచ్చేవి. కర్నూలు బస్టాండు ముందు ఉగ్గానీ బజ్జీ గుర్తొచ్చి నోట్లో ఉన్న ముద్ద దిగేది కాదు. క్యాంపుల్లో ఇరవై రెండేళ్లు తిరిగినవాడిని, నాకీ దిగులేమిటని సిగ్గుపడ్డాను. ఆదివారం మధ్యాహ్నం పని లేనప్పుడు ఆ ఊరి బస్టాండుకు పోయి, నాకు సంబంధం లేని ఊళ్లకు పోయే బస్సుల బోర్డులు చదువుతూ నిలబడేవాణ్ని. ఏ బస్సు కదిలినా అది కనుమరుగయ్యేదాకా చూసేవాణ్ని.

హుసేనప్ప తీరు వేరు. గుర్తొచ్చినప్పుడు రిగ్గు పక్కన కూర్చుని ఏడ్చేవాడు. టవలుతో మొహం తుడుచుకుని లేచి పనికి వచ్చేవాడు. ఏమిటప్పా చిన్నపిల్లాడిలా అని నేను వెక్కిరిస్తే, ‘ఏడ్సుకుంటే పోతాది సార్, ఊరికే ఉంటే లోపల్నే ఉంటాది’ అన్నాడు. నేను నవ్వేశాను. నేనూ ఒకసారి కూర్చుని ఏడ్చి ఉంటే ఆ ఊరికి మేలు జరిగేదేమోనని ఇప్పుడు అనుకుంటాను.

దిగులు తట్టుకోవడానికి ఇద్దరం రెండు ఉపాయాలు పెట్టుకున్నాం. ఒకటి తిండి. అక్కడ తెల్ల జొన్నపిండిని గట్టిగా కెలికి ముద్ద చేస్తారు, మన సంగటికి తోబుట్టువు అనుకోవచ్చు. బుడ్డలు, అదే వేరుశనగలు, అక్కడా పండుతాయి. వాటిని వేయించి, ఎండుమిరప వేసి రోట్లో నూరి హుసేనప్ప ఊరిబిండి చేసేవాడు. ముద్ద మధ్యలో గుంట చేసి దాన్ని పెట్టుకుని తింటే కాసేపు ఆలూరులో ఉన్నట్టే ఉండేది.

రెండోది పేర్లు. ఆ ఊళ్లోని చోట్లకు మన ఊళ్ల పేర్లు పెట్టేశాం. శనివారం సంత పత్తికొండ అయింది. లారీలు ఆగే చోటు డోన్. ఆసుపత్రి వెనక ఎర్రటి గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుట్ట, దాని అడుగున అడ్డంగా పోయే నల్లరాతి చాలు. హుసేనప్ప దాన్ని చూడగానే ‘మా ఆలూరు గుట్టే సార్ ఇది’ అన్నాడు. అది ఆలూరు గుట్ట అయింది. ఈ ఆట మాకు మందులా పనిచేసింది. ‘డోన్ కాడికి పోయొస్తా’ అని హుసేనప్ప అంటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. నెల తిరిగేసరికి నేను ఫీల్డు నోటుబుక్కులో కూడా ఆ పేర్లే రాయసాగాను. సైటుకు నంబరు వేసి, గుర్తులు కొలిచి రాయాలన్నది నియమం. నేను నంబరు పక్కన ‘ఆలూరు’ అని రాశాను.

నాలుగు బోర్లు నవంబరు మూడో వారానికి అయిపోయాయి. నాలుగింట్లోనూ నీళ్లు పడ్డాయి. మిగిలిన ఐదోది ఆసుపత్రికి. ఆ ఐదింటిలో అసలు అవసరం దానిదే. కాన్పుకు వచ్చిన ఆడవాళ్ల వెంట వచ్చినవాళ్లు మైళ్ల దూరంలో ఎండిన ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు మోసుకొచ్చేవారు. మోసేవాళ్లు లేకపోతే మరియామే డబ్బా నెత్తిన పెట్టుకుని పోయేది. నెల రోజులుగా నన్ను చూసినప్పుడల్లా ఐదో వేలు చూపించి నవ్వేది. మా వంతు ఎప్పుడు అని ఆ నవ్వుకు అర్థం.

డిసెంబరు మొదట్లో అక్కడ వానలు పడతాయి. పడితే రిగ్గు బురదలో దిగబడి మార్చి దాకా కదలదు, మేమూ కదలం. టిక్కెట్లు డిసెంబరు రెండో తేదీకి ఉన్నాయి. ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. కంపెనీ వేయాల్సింది ఐదు బోర్లు, నీళ్లు పడినా పడకపోయినా ఐదే. అయితే నలభై మీటర్ల లోపల ఆపేసిన గుంత లెక్కలోకి రాదు, పక్కకు జరిగి మళ్లీ వేయవచ్చు. నలభై దాటితే అదే ఐదో బోరు.

చోటు చూసే పద్ధతి చెబుతాను. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా నేలలో దిగ్గొట్టి కరెంటు పంపుతాం. కింద తడి ఉంటే కరెంటు సులువుగా పోతుంది, గట్టి రాయి ఉంటే అడ్డుకుంటుంది. కడ్డీలు దూరం జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. ఆ అంకెలను గ్రాఫు మీద గీస్తే వచ్చే వంపును చదవాలి. గుట్ట కింద ఉన్న నల్లరాతి చాలును మేం డైక్ అంటాం, భూమిలో నిలువునా పాతిన గోడ అనుకోండి. అలాంటి చోట గోడకు ఎగువన ఒక పరీక్ష, దిగువన ఒక పరీక్ష చేసి పోల్చి చూడాలి. రెండింటికీ రెండు రోజులు పడుతుంది.

నేను ఎగువన ఒక్కటే చేశాను.

ఎందుకంటే ఆలూరులో అది చాలు. అక్కడ డైక్ గట్టిది. భూమి లోపల పారే నీళ్లు దానికి కొట్టుకుని ఎగువన నిలుస్తాయి. ఆలూరు చుట్టుపక్కల అలా పదుల బోర్లు చూపించి పేరు తెచ్చుకున్నాను. ఇక్కడి వంపు అటూ ఇటూ కాకుండా వచ్చింది. నీళ్లున్నాయనీ చదవవచ్చు, లేవనీ చదవవచ్చు. నేను ఆలూరు వంపులు మనసులో పెట్టుకుని ఉన్నాయని చదివాను. రెండో పరీక్ష మానేస్తే ఒక రోజు ముందే సామాను సర్దుకోవచ్చన్న ఆలోచన కూడా ఉంది. లేదని చెబితే అబద్ధం.

బోరు మొదలుపెట్టే రోజు పొద్దున కొట్టడానికి టెంకాయ లేదు. కర్నూలు నుంచి తెచ్చిన చివరి ఎండుకొబ్బరి చిప్పను రిగ్గు ముందు పెట్టి హుసేనప్ప దండం పెట్టుకున్నాడు. మరియాము, ఇంకా కాన్పు కాని ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది మీటర్లు దిగింది. హుసేనప్ప మిషను ఆపేశాడు. నేను చెప్పకుండా ఆయన మిషను ఆపడం అదే మొదటిసారి. పొడి తెచ్చి నా చేతిలో పోశాడు.

‘సార్, పైన రాయి మన రాయి మాదిరే ఉండాది. పొడి మాత్రం మనది గాదు. శానా గట్టిగా, ఒట్టిగా వస్తాండాది. ఈడ ఆపి గోడ ఆ పక్కకు పోదాం సార్.’

నేను ఒప్పుకోలేదు. ఆలూరులో నూట యాభై అడుగుల దాకా పొడే వచ్చి ఆ తర్వాత నీళ్లు ఎగదన్నిన బోర్లు ఆయనకే గుర్తు చేశాను. ఆయన ఇంకోసారి, తల వంచుకుని, ఇది ఆలూరు కాదు గదా సార్ అన్నాడు. గుట్టకు ఆ పేరు పెట్టిన మనిషే ఆ మాట అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ‘పొడి చూడటం నీ పని, చోటు చూడటం నా పని. మిషను తొక్కు’ అన్నాను. ఆయన పోయి మిషను వేశాడు. నలభై మీటర్లు దాటింది.

తొంభై దాకా వేశాం. చెమ్మ కూడా తగల్లేదు. రాడ్లు ఒక్కొక్కటే పైకి తీస్తుంటే అరుగు మీది ఆడవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కంపెనీ మేనేజరుకు ఫోను చేసి ఇంకొక్క గుంతకు ఒప్పుకోమని బతిమాలాను. ఒప్పందం ప్రకారం ఐదు అయ్యాయి, రిగ్గు వానలకు ముందే తారు రోడ్డు ఎక్కాలి అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

మరుసటి రోజు రిగ్గు పోయింది. నేనూ హుసేనప్పా కడ్డీలు భుజాన వేసుకుని డైక్ దిగువకు పోయి, చేయాల్సిన రెండో పరీక్ష అప్పుడు చేశాం. పెళ్లయిపోయాక జాతకాలు చూసినట్టు. అక్కడే కూర్చుని గ్రాఫు గీశాను. వంపు అంత స్పష్టంగా నా సర్వీసులో కొన్నిసార్లే వచ్చింది. ఆ డైక్ గోడ కాదు, పగుళ్లతో జల్లెడ అయిపోయింది. నీళ్లు దాన్ని దాటి దిగువన చేరాయి. మేం వేసిన గుంతకు అరవై అడుగుల దూరం.

బయల్దేరే రోజు మరియాముకు ఆ చోటు చూపించి, నాలుగు రాళ్లు పాతి గుర్తు పెట్టాను. తప్పు నాదని నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఆమెకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నా ముఖం చూసి ‘పోలే’ అంది. ఆమె పక్కన నీళ్ల డబ్బా ఖాళీగా ఉంది. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని.

రిపోర్టులో దిగువ చోటును సిఫారసు చేసి, ఎగువ బోరు వైఫల్యం పరిశీలన లోపం వల్ల జరిగిందని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత ఆ ఆసుపత్రికి రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

మేం తిరిగొచ్చాక వచ్చిన ఫిబ్రవరిలో పీర్ల పండగకు హుసేనప్ప పిలిస్తే వాళ్ల పల్లెకు పోయాను. అగ్నిగుండం దగ్గర జనం మధ్య పీరు ఎత్తుకుని ఆయన నడుస్తుంటే చూశాను. తెల్లారి ఇద్దరం ఆలూరు గుట్ట కాడికి నడిచిపోయాం. చాలాసేపు చూశాను. గుండ్లు ఎర్రగా లేవు, బూడిద రంగులో ఉన్నాయి. గుట్ట అంత ఎత్తూ లేదు. డైక్ అయితే అసలు అడ్డంగా పోలేదు, గుట్ట పక్కనుంచి ఏటవాలుగా పోతోంది. ఈ చోటికి నేను ఇరవైసార్లు వచ్చి ఉంటాను.

‘ఆ గుట్ట ఇట్ల లేదు గదా హుసేనప్పా’ అన్నాను.

‘లేదు సార్. మనకు ఇల్లు గావాల్సొచ్చి దాన్ని ఇట్ల సేసుకున్యాం’ అన్నాడు. మిషను ఆపిన రోజు సంగతి ఆయన అప్పుడూ ఎత్తలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

2013లో రిటైరయ్యే దాకా నా కింద పనిచేసిన పిల్ల జియాలజిస్టులకు రెండు నియమాలు పెట్టాను. నోటుబుక్కులో సైటుకు నంబరు తప్ప పేరు రాయకూడదు. డ్రిల్లరు మిషను ఆపితే, ఎందుకు ఆపాడో తేలేదాకా మళ్లీ వేయమనకూడదు. ముసలాయన చాదస్తం అని వాళ్లు నవ్వుకునేవారు. పరాయి ఊళ్లో ఇల్లు గుర్తొచ్చి బాధపడటంలో తప్పు లేదు, దానికి ఏ మందు వేసుకున్నా ఫరవాలేదు. నేను ఆ మందును నోటుబుక్కులోకి తెచ్చుకున్నాను. దాని ఖర్చు నా మీద పడలేదు.

నాలుగు రాళ్ల మధ్య ఎవరైనా బోరు వేశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.