సువాలో పెరళ్లు చూశాం

ఆ రోజుల్లో ఈ దీవికి రాజధాని సువా చూసొచ్చినవాడంటే మా నౌసోరి చెరుకుతోట కూలీ లైన్లలో కాశీకి వెళ్లొచ్చినవాడికున్నంత మర్యాద. తెల్లారితే చెరుకు, పొద్దుగూకితే చెరుకు. అలాంటి మాకు, లాంచీ ఎక్కితే చాలు అద్దాల కొట్లూ, బ్యాండు మేళమూ, పొగ ఓడలు దిగి షికార్లు చేసే దొరలూ దొరసానులూ కనిపిస్తారంటే నోరూరేది. కానీ ఐదేళ్లు కూలి చేస్తామని గిరిమిట్టు కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్లం, పాసు లేనిదే తోట దాటకూడదు. నాకు ఇరవై ఏళ్లకే ఆ భాగ్యం పట్టింది. పట్టి ఏం వెలగబెట్టానో చెబుతా వినండి.

నాకో అక్క ఉండేది. (తోడబుట్టింది కాదు. మద్రాసులో ఒకే ఓడ ఎక్కాం, పక్కపక్కనే కూర్చుని వాంతులు చేసుకున్నాం, అదీ చుట్టరికం.) కాబట్టి ఆమె మొగుడు నాకు బావ. కాబట్టి నన్ను ఏడిపించే హక్కు ఆయనకీ, ఆయన్ని ఏడిపించే హక్కు నాకూ ఉండేవి. ఆ ఏడు అక్క కడుపుతో ఉండగా జ్వరం తగిలింది. జ్వరం పోయింది కానీ నోటికి మెతుకు సయించదు. "ఇంత గోంగూర పచ్చడి ఉంటే ఓ ముద్ద దిగేదేమోరా" అంది ఒకరోజు. గోంగూర! ఈ దేశంలో! కిందటి కానుపులో బిడ్డ దక్కలేదు. ఈసారి తల్లి కూడా దక్కదేమోనని బావకి భయం. "సువాలో దొరకనిదంటూ లేదు" అని ఎవరో అంటే, వెళ్లి తోట అజమాయిషీ చేసే కులంబర్ దొర కాళ్లావేళ్లా పడి ఇద్దరికీ ఆదివారం పాసు పుట్టించాడు.

పట్నం పోతున్నాం కదా అని బావ తన పెళ్లినాటి ఎర్ర తలపాగా చుట్టాడు. సువాలో దిగిన మొదటి వీధిలోనే ఒక అద్దాల కొట్టూ, అందులో కోటు తొడుక్కున్న చెక్కబొమ్మా కనిపించాయి. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. బావ జబ్బ పట్టి లాగాడు. "ఒరేయ్ బామ్మర్దీ, బొమ్మని నూరి పచ్చడి చేస్తావా? పెరళ్లు చూడరా, పెరళ్లు!" అంతే, ఇక ఏ ఇంటి ముందువైపూ చూస్తే ఒట్టు. ప్రతి కంచె మీదుగా మెడలు చాచి తొంగిచూడటమే. ఒక కుక్క తరిమింది, ఒక ముసలి దొర కర్ర ఎత్తాడు. ఎక్కడో బ్యాండు మోగుతోంది, వెళ్లి చూడనిస్తేగా! మిట్టమధ్యాహ్నమయ్యేసరికి బావ సముద్రం గట్టు మీద కూలబడి, "ఏ మొహం పెట్టుకుని వెళ్లనురా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు చూశాను. ఎదురుగా తెల్లటి స్తంభాల పెద్ద హోటలు. దాని వరండా ముందు రెండు వరసల్లో, ఎర్రటి కాడలతో, ఎర్రటి మొగ్గలతో గోంగూర! మనం రోట్లో వేసి నూరేదాన్ని ఆ హోటలు దొరసాని అందానికి పెంచుకుంటోంది. నేను అరిచేలోగా బావ కంచె దూకాడు, ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు. పులుపుకో ఇంకెందుకో మరి, బొటబొటా నీళ్లు. "అదేరా! అదే!" వరండాలో టీ తాగుతున్న దొరలంతా లేచి నిలబడ్డారు. దొరసాని పరుగున వచ్చింది, తలపాగా మనిషి ఆకులు నములుతూ ఏడవటం చూసి, పాపం తిండిలేక అనుకుని వెన్న రాసిన రొట్టె తెచ్చింది. బావ దండం పెట్టి రొట్టె తిరిగిచ్చి ఆకు చూపిస్తాడు, ఆవిడ ఆకు కాదని రొట్టె చూపిస్తుంది. వాళ్ల వాదం తేలేలోగా ఆ రొట్టె నేను తినేశాను. (ఆకలేసింది, ఏం చెయ్యను?) చివరికి తోటమాలి హిందుస్తానీ ముసలాయనకి నా వచ్చీరాని హిందీలో అక్క సంగతి చెప్పుకున్నాను. ఆయన దొరసానికి చెప్పాడు. ఆవిడ లోపలికెళ్లి కత్తెర తెచ్చి, తన చేత్తోనే ఒక వరస మొత్తం కోసిచ్చింది, ఎండిన కాయలతో సహా.

ఆకు వాడిపోకుండా బావ ఆ తలపాగా తడిపి చుట్టాడు. రంగు దిగి ఆయన చొక్కా, నా చొక్కా రెండూ ఎర్రబడ్డాయి. లైన్లో అందరూ మమ్మల్నెవరో కొట్టారనుకున్నారు. అక్క మొదటి ముద్ద పెట్టుకుని "మా అమ్మ చేసినట్టు లేదు" అంది, ఏడ్చింది, పళ్లెం ఊడ్చేసింది. మేమూ ఏడ్చాం. కాస్త తేరుకున్నాక అడిగింది, "అవునూ, సువా ఎలా ఉందిరా?"

నేనూ బావా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "పెరళ్లు బాగున్నాయే" అన్నాడు బావ.

ఆడపిల్ల పుట్టింది, దక్కింది. కాయల్లోని గింజలు లైన్ల వెనక చల్లితే ఏటేటా మొలిచాయి. గిరిమిట్టు తీరాక, తిరుగు ఓడకి అర్హత వచ్చాక, అక్కా బావా పిల్లతో ఇంటికి బయల్దేరారు. అక్కడ నాకంటూ ఎవరూ లేరు, నేను ఉండిపోయాను. సాగనంపడానికి రెండోసారి సువా వెళ్లాను. ఏమివ్వాలో తోచక గుడ్డముక్కలో గోంగూర గింజలు కట్టి అక్క చేతిలో పెట్టాను. బావ పగలబడి నవ్వాడు. "ఓరి నీ తెలివి తెల్లారా! గోంగూర దేశానికి గోంగూర గింజలా!"

అక్క నవ్వలేదు. కొంగున ముడివేసుకుంది. "మనూరి గోంగూరకి నువ్వు తెలీదు కదరా" అంది.

ఓడ వెళ్లిపోయింది. రేవులో ఆరోజు బ్యాండు మోగిందట, ఊరంతా దీపాలు పెట్టారట. నాకు కళ్లు తుడుచుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు మనవడు అప్పుడప్పుడూ అడుగుతుంటాడు, ఆ రోజుల్లో సువా ఎలా ఉండేది తాతా అని. రెండుసార్లు వెళ్లొచ్చిన పెద్దమనిషిని కదా, తెలీదంటే పరువు పోతుంది.

"పుల్లగా ఉండేదిరా" అంటాను.