ఎస్తేరక్క రక్షణకు తేదీ లేదట

నిన్న పొద్దున తార్నాక మెట్రో మెట్లు ఎక్కుతుంటే ఫోన్ వచ్చింది. ఎస్తేరక్క ఇక లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. మొన్ననే కదా "ఆదివారం రా, చేపల పులుసు పెడ్త" అని వాయిస్ మెసేజ్ పెట్టింది!

ఈ పోస్ట్ ఏడుస్తూ రాయాలి. కానీ ఏడుపు రావట్లేదు. రోత పుడుతోంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఎస్తేరక్క యూనివర్సిటీ హాస్టల్‌లో నా సీనియర్. తర్వాత విద్యానగర్‌లో లెక్చరర్. వాళ్లు క్రిస్టియన్లు, మేం హిందువులం.

ఫస్ట్ ఇయర్‌లో నాకు చికెన్‌పాక్స్ వచ్చింది. రూమ్మేట్స్ బకెట్లతో సహా ఖాళీ చేశారు. పక్క రూమ్ నుంచి పరుపు చుట్టుకుని వచ్చింది అక్క ఒక్కతే.

ఫోన్‌లో మా అమ్మ ఒకటే ఏడుపు. "అమ్మవారు పోసింది బిడ్డా, పక్కల యాపాకు ఏసుకో."

అక్క విన్నది. క్యాంపస్‌లోకి పోయి ఒక పెద్ద వేపకొమ్మ మోసుకొచ్చి నా పక్కంతా పరిచింది.

"అక్కా, మీరు ఇవన్నీ నమ్మరు గదా?"

"నేను నమ్ముడేంది? మీ అమ్మ మనసు కుదుటపడ్తది. పండు, సప్పుడు జెయ్యక."

తర్వాత ఆమెకూ అంటుకుంది. నుదుటి మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది.

ఒకరోజు చాయ్‌కని తార్నాక దాకా నడుస్తూ అడిగాను. "రక్షణ రక్షణ అంటరు, అంటే ఏందక్కా? సచ్చినంక స్వర్గంల సీటా?"

పకపకా నవ్వింది. "సీటు రిజర్వు చేసేటందుకా ఆయన సిలువెక్కింది? పాపంల మునుగుతున్న నన్ను ఒడ్డుకు గుంజిండు. నేను మంచిదాన్నని గాదు, ఉత్తగనే, ప్రేమతోని. గుంజినంక ఒడ్డు మీద కూసోని పాటలు పాడితె అయిపోతదా? ఎనకున్నోనికి చెయ్యియ్యాలె. గందుకే గుంజిండు."

నేను గుడికి పోయేదాన్నే, ఇప్పటికీ పోతాను. అయినా ఆ మాట మర్చిపోలేదు.

తార్నాకలో అక్క వాళ్లమ్మ పోయే మందిరంలో, అంటే వాళ్ల చర్చిలో, ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరూ లేచి, తాము రక్షణ పొందిన తేదీ చెప్పాలి, పుట్టినరోజు చెప్పినట్టు. చెప్పలేనివాళ్లకు ప్రభువు బల్లలో, అంటే యేసు పేరున అందరూ పంచుకునే రొట్టెలో, భాగం లేదు. రొట్టె ప్లేట్ వాళ్లను దాటి పక్కవాళ్లకు వెళ్లిపోతుంది.

ఒక ఆదివారం నేనూ వెనక కూర్చున్నాను. అక్క వంతు వచ్చింది, లేచింది.

"నాకు తేదీ ఎరికలేదు అయ్యగారూ. మా అమ్మ మీద ప్రేమ ఏ తారీఖున మొదలైందో గది గూడ ఎరికలేదు. బుద్ధి తెలిసినకాంచి ఆయన నాతోనే ఉన్నడు."

ప్లేట్ ఆమెను దాటింది. ఇక ప్రతిసారీ దాటుతూనే ఉంది. ఆమె మాత్రం అందరికంటే ముందు పోయి చాపలు పరిచేది.

"ఏదో ఒక తేదీ చెప్పి పారెయ్యరాదక్కా" అని నేను ఎగిరితే, "అబద్ధమాడి తెచ్చుకునేదా రక్షణ? ప్లేటు వాళ్లది, రొట్టె వాళ్లది గాదు" అనేది.

ఇక నిన్న సాయంత్రం. సమాధుల తోట. పెట్టె ఇంకా గుంతలోకి దిగలేదు, పాస్టరు మైకు అందుకున్నాడు.

"ఈ సహోదరి రక్షణ విషయంలో మనకు నిశ్చయత లేదు. అన్యుల ఆచారాలు కూడా చేసింది. ఆమెకు సమయం అయిపోయింది. మీకు ఇంకా ఉంది. ఈరోజే ప్రభువును అంగీకరించేవాళ్లు చేతులెత్తండి!"

అన్యుల ఆచారాలంటే ఏంటో తెలుసా? ఆ వేపకొమ్మ! హాస్టల్‌లో ఉన్న వాళ్ల మందిరం అమ్మాయి ఎవరో అప్పుడే చాడీ మోసింది. ఇన్నేళ్లూ దాచుకుని, శవం ముందు తీశాడు.

ఛీ! శవాల మీద పేలాలు ఏరుకోవడం అంటే వినడమే, నిన్న కళ్లారా చూశాను. కన్నతల్లి పెట్టె మీద చెయ్యేసి నిలబడి ఉందయ్యా అక్కడ! ఆ నమ్మకం ఎంత చల్లగా ఉంటుందో అక్క దగ్గర చూసినదాన్ని. అందుకే నాకు ఇంత కంపరం.

అంతా అయ్యాక వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచింది. వాళ్లలో సమాధి రాయి మీద మూడు లైన్లు చెక్కిస్తారు. జననం, రక్షణ, మరణం. ముషీరాబాద్‌లో రాయి చెక్కే అతను ఫోన్ లైన్‌లో ఉన్నాడు.

"నీతోని అన్నీ చెప్పుకునేది గద బిడ్డా. ఎన్నడన్న ఒక్క తేదీ చెప్పిందా? లేకుంటె నా బిడ్డ ఏడికి పోయినట్టు?"

ఏదో ఒక తేదీ నోటిదాకా వచ్చింది. ఎవరికి తెలుస్తుంది? ఆ తల్లికి నిద్రన్నా పడుతుంది. కానీ ఏ అబద్ధం ఆడనందుకు అక్క అన్నేళ్లు రొట్టె లేకుండా కూర్చుందో, దాన్నే ఆమె రాయి మీద ఎట్లా చెక్కించను?

వేపకొమ్మ సంగతి మొత్తం చెప్పాను. పరుపు చుట్టుకుని రావడం, మా అమ్మ ఏడుపు, నుదుటి మీద మచ్చ. ఒడ్డు మాట కూడా చెప్పాను.

ఆమె ఆ మచ్చ గురించి మళ్లీ మళ్లీ అడిగింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"కొడుకా, మూడు లైన్లూ ఉంచు. నడుమది ఖాళీగ పెట్టు. ఆ తేదీ ఆయనకు ఎరికే."

పోయిరా ఎస్తేరక్కా. అక్కడ ప్లేట్ నిన్ను దాటిపోదు. కడుపునిండా తిని, నిమ్మళంగా పండు.