కారవాన్ హీటరూ, నా లగ్గమూ

ఆ రోజుల్లో నాకు ఎడారి అంటే ఎండ ఒక్కటే తెలుసు. నాకే కాదు, మా జగిత్యాల వైపు నుంచి విమానమెక్కే ప్రతివాడికీ అంతే. సూట్‌కేసులో మామిడికాయ పచ్చడికి చోటుంటుంది, కారప్పొడికి చోటుంటుంది, స్వెటర్‌కు మాత్రం ఉండదు. రాబిగ్‌లో మా కఫీల్‌కు (నా వీసా, ఇకామా అనే నా నివాస కార్డు, నా రాకపోకలు అన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ మనిషికి) ఏసీలు బాగుచేసే దుకాణం ఉండేది. నేను అందులో మెకానిక్‌ని. ఎర్ర సముద్రం ఒడ్డున ఆ ఉక్కపోతలో చల్లగాలి తెప్పించే మనిషికి దక్కే మర్యాద ఎంతో మీరే ఊహించుకోండి. ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లు, పని అయ్యాక ఖర్జూరాలు. ఆ మర్యాదంతా ఒకే ఒక్క చలికాలంలో ఇసుకలో కలిసిపోయింది. ఇన్నేళ్లయినా సరే, తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నా ఒళ్లు మండినంత సులువుగా ఆ హీటరు మండి ఉంటే ఈ కథే లేదు.

అప్పుడే నాకు పెళ్లి కుదిరింది. పిల్ల మా మేనమామ కూతురే. ముహూర్తం పెట్టేశారు, పత్రికలు అచ్చుకిచ్చారు, పెళ్లికొడుకు మాత్రం సౌదీలో ఉన్నాడు. సెలవు మీద పోయి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ అనుమతి కావాలి. పూర్వం దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవారట. అప్పటికి ఆ బాధ పోయింది, కఫీల్ తన ఫోనులో ఒక బటన్ నొక్కితే చాలు. ఆ బటన్ నొక్కమని అడిగిన ప్రతిసారీ మా కఫీల్ "బుక్రా" అనేవాడు. (ఆ మాటకు రేపు అని అర్థం. ఏ రేపో మాత్రం అడక్కూడదు.) ఫోను ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది, వేలు ఎప్పుడూ దాని మీదే ఆడుతుండేది, అందులో వీడియోలు చూసి నవ్వేవాడు కూడా. నా పెళ్లి ఆ వేలికి బెత్తెడు దూరంలో ఆగిపోయి ఉండేది.

ఇలా ఉండగా ఆయన ఎవరి దగ్గరో వాడిన అమెరికా కారవాన్ ఒకటి కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు అది. లోపలి బల్లా కుర్చీలూ పీకించి, నేలంతా కార్పెట్ పరిపించి, గోడల వెంబడి ఎర్రటి దిండ్లు పేర్పించి, దాన్ని చక్కని మజ్లిస్‌గా మార్చేశాడు. చలికాలం సెలవులకు తండ్రిని తీసుకుని ఉత్తరాన తబూక్ వైపు ఎడారిలో విడిది చేయాలని ఆయన ముచ్చట. నడపడానికి డ్రైవర్ కావాలి కాబట్టి, ఆయన ఇంట్లో కారు నడిపే, మేం కడప భాయ్ అని పిలిచే మనిషి వచ్చాడు. నన్నెందుకు తీసుకెళ్లాడో ఆ దేవుడికే తెలియాలి. కారవాన్‌లో ఏసీ ఉంది కాబట్టి ఏసీ మెకానిక్ ఉండాలి అన్నాడు. చలికి పళ్లు కొట్టుకునే చోట ఏసీతో ఏం పనో అడిగే ధైర్యం నాకు లేదు, నాకు బటన్‌తో పని ఉంది కదా.

తబూక్ చేరిన సాయంత్రం పొద్దు ఇలా వాలిందో లేదో, ఆ గాలి నా చొక్కాను లెక్కే చేయలేదు. కఫీల్ గోడ మీది హీటరు మీట తిప్పాడు. లోపల ఫ్యాను గుయ్యిమని తిరిగింది. చల్లగాలి వచ్చింది. కాసేపు ఆగాం. ఇంకా చల్లటి గాలి వచ్చింది. అప్పుడు అందరూ నా వైపు చూశారు.

"ముదీర్, ఇది గ్యాసుతో మండే పొయ్యి. నేను ఏసీ మనిషిని" అన్నాను, నాకొచ్చిన అరబీలో. (ముదీర్ అంటే యజమాని.)

"చల్లగాలి తెచ్చేవాడివి, వేడిగాలి తేలేవా? ఉన్నది అదే గాలి కదా" అన్నాడాయన, చాలా తేలిగ్గా. ఆ తర్వాత నా గుండెలో రాయి పడే మాట ఇంకొకటి అన్నాడు. "ఇది వెలిగిన రోజున నీ బటన్ నొక్కుతా."

మీరే చెప్పండి, అమెరికాలో ఎవడో చేసిన పొయ్యికీ జగిత్యాలలో మా బాపు పెట్టించిన ముహూర్తానికీ ఏమిటి సంబంధం? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. లోపల వంటపొయ్యి వెలుగుతోంది కాబట్టి సిలిండరులో గ్యాసు ఉన్నట్టే. బ్యాటరీ నీరసంగా ఉందేమోనని కారు బ్యాటరీతో కలిపి చూశాను. బయటి వైపు చిన్న తలుపు ఉంటే తీసి, పొగ పోయే గొట్టంలోని ఇసుక ఊదాను, నిప్పురవ్వ పుట్టించే కడ్డీని తుడిచాను. దగ్గర్లోని ఇసుకదిబ్బ ఎక్కి, ఫోనులోకి ఒక వీడియో దించుకుని చూశాను. అందులో మంచు మధ్య టోపీ పెట్టుకున్న అమెరికా పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ నవ్వుతూ హీటరును ఊడదీసి, నవ్వుతూ నవ్వుతూ మళ్లీ బిగించాడు. ఆయనకేం, ఆయన పెళ్లి ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇక సలహాలు. కడప భాయ్‌కి ఈ భూమ్మీద తెలియని యంత్రం లేదు. "చలికి గ్యాసు గడ్డకట్టింటాదబ్బీ, ఉడుకునీళ్లు పోచ్చే కరుగుతాది" అని నా కాఫీకి కాచుకున్న నీళ్లన్నీ సిలిండరు నెత్తిన పోశాడు. కఫీల్ అయితే బయటికి వచ్చినప్పుడల్లా, "అమెరికా సామాను చెడిపోదు, నువ్వు ముట్టుకున్నాకే ఇలా అయింది" అనేవాడు. (నేను ముట్టుకోకముందే కదా అందరం వణికింది.) ఒక్క మాటా అననిది ఆయన తండ్రి ఒక్కరే. పెద్దాయన కారవాన్ లోపలి కొసన, గుమ్మానికి ఎదురుగా, చెక్క బీరువా లాంటి గోడకు ఆనుకుని కూర్చునేవారు. అది ఇంటి పెద్ద కూర్చునే చోటు. గొర్రెచర్మపు ఫర్వా కప్పుకుని, గహ్వా కాఫీ తాగుతూ, తస్‌బీ పూసలు తిప్పుకుంటూ ఉండేవారు. హీటరు ఉన్నది ఆ చెక్క గోడ వెనకే. కానీ పని అంతా బయటి తలుపులోంచి చేసుకోవచ్చు కాబట్టి ఆయన్ను కదపవలసిన అవసరం నాకు రాలేదు.

ఆ మధ్యాహ్నం అస్ర్ నమాజుకు వాళ్లు ముగ్గురూ బయట ఇసుకలో చాప పరుచుకున్నారు. నేను లోపల ఒక్కడినే మిగిలాను. ఏదో పనిలో ఉన్నట్టు కనిపించాలి కదా అని మీట తిప్పాను. ఫ్యాను తిరిగింది. టిక్ టిక్ మంది. తర్వాత భగ్గుమన్న చప్పుడు, ఆ వెంటనే వెచ్చటి గాలి. నిజం చెబుతున్నాను, ఆ గాలికి చేతులు చాచి నిలబడితే మా ఊరి బాజాలు వినిపించాయి. వాళ్లు తిరిగి రాగానే "వెలిగింది ముదీర్" అన్నాను గర్వంగా. పెద్దాయన తన చోట కూర్చున్నారు, కఫీల్ చెయ్యి చాచాడు. చల్లగాలి. నా మొహం చూశాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు వేళా అంతే. మర్నాడు మధ్యాహ్నమూ అంతే. వాళ్లు బయట ఉన్నంతసేపూ కొలిమిలా మండేది, లోపలికి వచ్చి కూర్చోగానే చల్లారిపోయేది. దీనికి సాక్షి నేనొక్కడినే, నమాజు చేయనివాణ్ని నేనొక్కడినే కాబట్టి.

"మేము నమాజుకు పోతే మండుతాది, వచ్చినాక ఆరిపోతాది అంటే యెవురు నమ్ముతారు అబ్బీ?" అన్నాడు భాయ్.

కఫీల్ అనుమానం ఇంకో రకం. నేను ఒంటరిగా చలి కాచుకుని, వాళ్లు రాగానే ఆర్పేస్తున్నానట. ఆ మాట భాయ్ తెలుగులో చెప్పాడు. పెళ్లి ఆగిపోతుందని ఏడుస్తున్నవాడు తన హీటరు తానే ఆర్పుకుంటాడా? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, చేతిలోని పానా అక్కడే పడేసి, ఈసారి నేనూ వాళ్లతో బయటే ఉంటానని చెప్పాను. మీట తిప్పి, తలుపు మూసి, వాళ్ల వెనక దూరంగా ఇసుకలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. నమాజు అయ్యాక తలుపు తీస్తే లోపలి నుంచి వేడి మొహానికి కొట్టింది. నేను నిర్దోషినని తేలిపోయింది. కూర్చున్న కాసేపటికి మళ్లీ చలి. ఈసారి భాయ్ మొహం పాలిపోయింది. "ఇది గ్యాసు పని కాదు, జిన్నుల పని" అని గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. కఫీల్ అలా అనలేదు గానీ, భాయ్‌ని కాదనీ అనలేదు. జిన్నును బాగుచేస్తేనే నా బటన్ అన్నమాట.

ఇసుకదిబ్బ ఎక్కితే ఫోనుకు సిగ్నల్ దొరికేది. ఎక్కి మా మామ బిడ్డకు ఫోన్ చేశాను. రోషంతో అంతా ఏకరువు పెట్టాను. అయ్యో బావా అంటుందని నా ఆశ.

"అయితే దయ్యం లేదు, గియ్యం లేదు" అంది. "మీరు బయటికి పోతే మండుతది, లోపటికొస్తే ఆరుతది. అంటే మీల ఎవలో ఒకలు దానికి అడ్డమొస్తున్నరు. ఎవలెవలు యాడ కూసుంటరో చెప్పు."

"నేను తలుపు కాడ. భాయ్ నా పక్కన. ముదీర్ వంటపొయ్యి దిక్కు. తాత ఆ కొసన, గోడకు ఒరిగి."

"ఆ గోడకు ఏమున్నది?"

"ఏముంటది, చెక్క. దానికి కింద ఒక జాలీ..." అని ఆగిపోయాను. హీటరు మేం కూర్చున్న గదిలోని గాలిని ఆ జాలీలోంచి పీల్చుకుని వేడి చేసి వదలాలి. పీల్చుకోవడానికి గాలి చాలకపోతే మంట ముట్టకుండా లోపల ఒక చిన్న రెక్క కాపలా ఉంటుంది. ఇదంతా వీడియోలో టోపీ ఆయన చెప్పాడు, నేను విన్నాను కూడా.

"బావా, ఉన్నవా?" అంది ఫోనులో.

ఉన్నాను. కారణం దొరికింది, కానీ దాంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇంటి పెద్దను ఆయన చోటు నుంచి లేవమని ఎవరు చెప్పాలి? "నేను చెప్పను, నాకు పిల్లలుండారు" అన్నాడు భాయ్. కఫీల్‌కు చెబితే, "మా నాన్నను ఆయన చోటు నుంచి లేపాలా? ఒక డబ్బా కోసమా?" అని నన్ను చూసిన చూపుకే నేను సగం చచ్చాను. ఆయన్ను మాత్రం ఎలా తప్పుపట్టను? మా తాత అరుగు మీద కూర్చుంటే, ఆయన కింద తాళంచెవులు ఇరుక్కున్నా ఆయన లేచేదాకా మేం గడప బయటే నిలబడేవాళ్లం. చివరికి పత్రికలు అచ్చయిపోయిన సంగతి తలుచుకుని, పెద్దాయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, నాకున్న ముక్కలు ముక్కల అరబీలో, "హాజీ, మాఫ్ చేయండి. మీ వీపు. హీటరు. నా పెళ్లి" అన్నాను. భాయ్ తల రెండు చేతులతో పట్టుకున్నాడు.

పెద్దాయన నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఆయన అన్నది భాయ్ చెప్పాడు. (ఆయన మాట్లాడింది అరబీయే. నా దాకా వచ్చేసరికి కడపది అయ్యేది.) "వచ్చిన కాడ్నుంచి ఈ జాలీ నా ఈపు పీకతానే ఉండాది. చలిగాలి తగుల్తాంటే దిండు అడ్డం పెట్టి ఈపుతో అదిమి కూసున్నా. తగ్గకపోతే ఇంగో దిండు పెట్టినా, మీద ఫర్వా కప్పినా. కొడుకు ముచ్చటపడి కొనుక్కున్న బండి, చలి పెడతాండాదని ఎట్ల జెప్పేది నాయనా?"

కొడుకు మనసు నొస్తుందని తండ్రి చెప్పలేదు. తండ్రికి మర్యాద తక్కువవుతుందని కొడుకు లేపలేదు. వీళ్ల మర్యాదల మధ్య గాలాడక చచ్చింది హీటరూ నేనూ. పెద్దాయన లేచి పక్క గోడకు మారారు, నేను దిండ్లు తీశాను, టిక్ టిక్ మని భగ్గుమంది. కఫీల్ చెయ్యి చాచి చూసి ఏమన్నాడో తెలుసా? "చెప్పాను కదా, అమెరికా సామాను చెడిపోదని." అని ఆ ఇసుకదిబ్బ ఎక్కి బటన్ నొక్కాడు. నా జీవితంలో అంత చిన్న చప్పుడు కోసం అంత పెద్ద చాకిరీ ఎప్పుడూ చేయలేదు.

పెళ్లయింది. శివరాత్రి వెళ్లింది, చలి కూడా శివశివా అంటూ వెళ్లిపోయింది, ఎండలు ముదిరాక అత్తగారింటికి పిలిచారు. నిన్నటిదాకా నెత్తిన మొట్టికాయ వేసిన మామే "కూసో అల్లుడా" అని నడింట్లో పెద్ద కుర్చీ వేశాడు. కూర్చున్నాను. నాకు హాయిగా ఉంది గానీ, గదిలో మిగతావాళ్లంతా చెమటలు కక్కుతూ, ఒకరు తువ్వాలుతో, ఒకరు మా పెళ్లిపత్రికతోనే విసురుకుంటున్నారు. కిటికీలో కూలర్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. గల్ఫ్ నుంచి వచ్చిన మెకానిక్‌ని కదా, కాలు మీద కాలు వేసుకుని, "కూలర్ల గడ్డి మార్చాలె మామా, పంపు గూడ చూపియ్యుండ్రి, గాలి బొత్తిగ వస్తలేదు" అన్నాను. అందరూ అవునవును అన్నారు. కొత్త పెళ్లికూతురు చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి, నన్నూ, నా వెనక కిటికీనీ చూసి, చెంబు నా చేతిలో పెట్టి మెల్లగా అంది.

"బావా, జర జరుగు."

ఇప్పుడు జగిత్యాలలో నాకు సొంత దుకాణం ఉంది. జుట్టు పలచబడింది, నేను కూర్చున్న చోట నుంచి నన్ను లేవమనేవాళ్లు ఒక్కరొక్కరే తగ్గిపోయారు. అందుకే ఎక్కడైనా వీపుకు మరీ హాయిగా చల్లగా తగిలితే కొంచెం భయమేస్తుంది, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, ఆమె వైపు చూస్తాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తూ ఉంటుంది. నేను కుర్చీ పక్కకు లాక్కుంటాను.